పాలపళ్ల సాక్ష్యం

1

ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం మన పల్లెల్లో చాలా పాత అలవాటు. అట్లా చేస్తే కొత్తపన్ను చక్కగా వస్తుందని పెద్దల నమ్మకం. 1958 డిసెంబరులో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో తల్లులకు ఒక విజ్ఞప్తి అందింది. మీ పిల్లల పాలపళ్లు పారవేయవద్దు. బిడ్డ ఎప్పుడు పుట్టిందీ, ఎక్కడ పెరిగిందీ, తల్లిపాలు తాగిందో పోతపాలు తాగిందో కార్డు మీద వ్రాసి, పన్నుతో పాటు మాకు పంపండి అని దాని సారాంశం. పంపిన పిల్లలకు బహుమానం, తమ పన్నును విజ్ఞానశాస్త్రానికి ఇచ్చినట్లు చాటే ఒక చిన్న బిళ్ల. దాన్ని చొక్కాకు పెట్టుకుని పిల్లలు తిరిగారు. దాదాపు పన్నెండేళ్ల కాలంలో అట్లా పోగైన పళ్లు మూడు లక్షల పైచిలుకు.

ఆ పళ్లలో వెతికినది పుచ్చును కాదు. బాంబును.

సాహిత్యం బోధించే నాకు భౌతికశాస్త్రంతో పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. మనం తినే తిండిలో, తాగే నీటిలో, పీల్చే గాలిలో రేడియోధార్మిక పదార్థం కలిసిన చరిత్రను చదివినకొద్దీ, ఇది భౌతికశాస్త్రం ఒక్కటే తేల్చగల విషయం కాదని నాకు స్పష్టమయింది. ఎవరికి తెలుసు? ఎవరికి చెప్పారు? ఎవరు తాగారు? ఈ మూడూ చరిత్రకు చెందిన ప్రశ్నలు. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే వర్గసమాజపు చరిత్రకు చెందిన ప్రశ్నలు. ఈ మూడు ప్రశ్నలనూ శత్రువు మీద ఎంత గట్టిగా వేస్తామో, మన మీద మనం అంత గట్టిగానూ వేసుకోవాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

2

ముందు విషయం ఎట్లా జరుగుతుందో చూద్దాం.

1945 నుంచి 1980 వరకు అణ్వాయుధ దేశాలు ఐదువందలకు పైగా బాంబులను ఆరుబయట పేల్చాయి. పేలుడులో పుట్టిన ధూళిలో బరువైనది దగ్గరలోనే రాలుతుంది. సన్నటిది గాలివాటున వందల మైళ్లు పోయి వానతో దిగుతుంది. మరీ పెద్ద పేలుళ్లలో అది మబ్బులకు పైన వుండే పొరలలోకి పోయి, నెలల తరబడి, ఏళ్ల తరబడి భూమి చుట్టూ తిరిగి, ఎక్కడెక్కడో రాలుతుంది. ఏ దేశపు సరిహద్దూ దానికి అడ్డం కాదు.

ఈ ధూళిలో మనకు ముఖ్యమైనవి మూడు. అయోడిన్-131 ఎనిమిది రోజులలో సగమైపోతుంది. కాని ఆ కొద్ది రోజులలోనే మెడ దగ్గర వుండే థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. సీసియం-137 సగం కావడానికి ముప్పయి సంవత్సరాలు. అది పొటాసియంలా నటించి కండలోకి పోతుంది. స్ట్రాన్షియం-90 సగం కావడానికి ఇరవై తొమ్మిది సంవత్సరాలు. అది కాల్షియంలా నటించి ఎముకలోకి పోతుంది. శరీరానికి వీటిని గుర్తుపట్టే శక్తి లేదు. తనకు కావలసిన ధాతువే వచ్చిందనుకుని లోపలికి రానిస్తుంది. చోటు చూపి కూర్చోబెడుతుంది.

ధూళి గడ్డి మీద రాలుతుంది. గడ్డిని ఆవు మేస్తుంది. పొద్దస్తమానం ఎంతో మేర మేసి, ఆ మేరలో రాలినదాన్నంతా పోగుచేసి ఆవు పాలలోకి దింపుతుంది. ఆ పాలు అందరికంటె ఎక్కువగా తాగేది పసిబిడ్డ. అందరికంటె చురుకుగా ఎముక పెరుగుతున్నదీ పసిబిడ్డకే. అందరికంటె చిన్న థైరాయిడ్ గ్రంథి వున్నదీ పసిబిడ్డకే. మనిషి పవిత్రమని తలచిన ఆహారం, నిరపరాధి అయిన ప్రాణి, పేలుడుతో ఎట్టి సంబంధమూ లేని బిడ్డ — ఈ మూడింటినీ కలిపే దారి వెంటనే బాంబు ఇంట్లోకి వచ్చింది.

ఉత్తరధ్రువ ప్రాంతంలో దారి మరొకటి. అక్కడ నేల మీద పెరిగే ఒక రకపు పాచికి వేళ్లు వుండవు. గాలి నుంచి రాలినదే దాని ఆహారం. దాన్ని రెయిన్‌డీర్ జింకలు మేస్తాయి. వాటి మాంసమే సామీ జాతి ప్రజలకు తిండి. బాంబులు చేయని, బాంబులు అడగని ఈ పశుపాలకుల దేహాలలో 1960లలో సీసియం, దక్షిణాదిన నగరాలలో వుండేవారి కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది.

3

ప్రజలు ఈ సంగతి మొదట తెలుసుకున్నది పాలలో కాదు, చేపలో.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రొజన్ బాంబు పేల్చింది. లెక్క వేసుకున్న దానికి రెట్టింపుకు మించి, 15 మెగాటన్నుల బలంతో అది పేలింది. గాలి తూర్పుకు వీస్తూ వుంది. రోంగెలాప్ దీవి మీద తెల్లని బూడిద మంచులా కురిసింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. నీటితొట్లలో అది పడింది; ఆ నీరే తాగారు. వాళ్లను అక్కడినుంచి తరలించడానికి రెండు రోజులకు పైగా పట్టింది. 1957లో భయం లేదని చెప్పి వెనక్కి తెచ్చారు. ఆ నేల మీది కొబ్బరికాయలు, ఆ నీటిలోని చేపలే తిని, జబ్బులతో వేగి, 1985లో ఆ ప్రజలు తమ దీవిని తామే వదలిపెట్టారు. వాళ్లను పడవలో చేరవేసింది ప్రభుత్వం కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ.

అదే ఉదయం అదే బూడిద ఒక జపాను చేపల పడవ మీదా కురిసింది. ఐదవ భాగ్యనాగం అని దాని పేరుకు అర్థం. అందులో 23 మంది బెస్తలు. రేవు చేరేసరికి అందరికీ జబ్బు. పడవలో రేడియో పనిచేసే కుబొయామా ఐకిచి ఆ సెప్టెంబరు 23న మరణించాడు. ఈలోగా, ఆ ఒక్క పడవ చేపలే కాదు, ఆ సముద్రంలో వేటాడిన వందలాది పడవల చేపలలో రేడియోధార్మికత వున్నట్లు తేలింది. నాలుగువందల టన్నులకు పైగా చేపను పూడ్చిపెట్టడమో, సముద్రంలో పారవేయడమో చేశారు. చేపల బజారులు వెలవెలబోయాయి.

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది. టోకియోలో సుగినామి అనే పేటలో చేపలమ్ముకునేవారూ, గృహిణులూ కలిసి హైడ్రొజన్ బాంబును నిషేధించాలని సంతకాలు మొదలుపెట్టారు. రేపు వంటకు ఏమి కొనాలన్న ప్రశ్న నుంచి పుట్టిన ఉద్యమమది. 1955 నాటికి జపాను అంతటా మూడు కోట్లకు పైగా సంతకాలు వచ్చాయి. హిరోషిమా, నాగసాకి బాధితుల గోడును ఆక్రమణ సైన్యపు సెన్సారు ఏళ్ల తరబడి అణచిపెట్టింది. ఆ గోడు కూడా ఈ చేప వెంట లోకానికి వినబడింది.

మన దేశంలో కూడా దాని ప్రతిధ్వని వుంది. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో, పూర్తి నిరాయుధీకరణ కుదిరే లోగా ముందు పరీక్షలనైనా నిలిపివేయాలని ప్రతిపాదించాడు. పరీక్షల నిలుపుదలను ఒక దేశాధినేత ప్రపంచం ముందు పెట్టడం అదే మొదలు. 1956లో డి. ఎస్. కొఠారి, అణు విస్ఫోటనాల ఫలితాల మీద ఒక గ్రంథం తయారుచేశాడు. భారత ప్రభుత్వ ప్రచురణల శాఖే దాన్ని వేసింది. నెహ్రూ ముందుమాట వ్రాశాడు. అగ్రరాజ్యాలు రహస్యంగా దాచుకుంటున్న విషయాన్ని కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన పేదదేశం పుస్తకంగా వేసి బజారులో పెట్టింది. తర్వాతి కాలంలో అణుశక్తి విషయంలో మన ప్రభుత్వాలు అలవరచుకున్న గోప్యతను చూసేవారు ఈ 1956 నాటి పుస్తకాన్ని తప్పక గుర్తుచేసుకోవాలి.

4

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎవరికి తెలుసు?

1951 జనవరిలో అమెరికా తన నెవాడా ఎడారిలో పరీక్షలు మొదలుపెట్టింది. కొద్ది రోజులకే, దేశానికి ఆ చివర వున్న రోచెస్టర్ నగరంలో మంచు కురిసింది. అక్కడ కొడాక్ ఫిలిం కర్మాగారంలోని యంత్రాలు ఆ మంచులో రేడియోధార్మికతను పట్టుకున్నాయి. ఫిలిం మీద మచ్చలు పడితే సరుకు పాడు. సరుకు పాడైతే లాభం పాడు. కంపెనీ అణుశక్తి సంఘానికి ఫిర్యాదు చేసింది. దాని ఫలితంగా, పరీక్షల సమాచారాన్ని, ధూళి ఏ దిక్కుకు పోయేదీ ఫిలిం కంపెనీలకు ముందుగా తెలియజేసే ఏర్పాటు జరిగింది.

పాలు తాగేవారికి అట్లాంటి ఏర్పాటు ఏదీ జరగలేదు.

పెట్టుబడిదారీ రాజ్యస్వభావం మీద ఎన్ని సిద్ధాంత గ్రంథాలు చదివినా, ఈ ఒక్క సంగతి చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదేమో. ఫిలిముకు యజమాని వున్నాడు. అతనికి వకీళ్లున్నారు. పసిబిడ్డ గొంతుకు యజమాని లేడు. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ ఈ నెవాడా ధూళి మీద తన లెక్కలను 1997లో గాని బయటపెట్టలేదు. అంటే పరీక్షలు మొదలైన 46 సంవత్సరాలకు. ఆ ఏడే సెనేట్ విచారణలో కొడాక్ సంగతి కూడా దేశప్రజలకు తెలిసింది. అప్పటికి 1951 నాటి పసిపిల్లలు తాతలూ అమ్మమ్మలూ అవుతున్నారు.

ఆ లెక్కలలోనే ఒక పాఠం వుంది. దేశం మొత్తం మీద మనిషికి పడిన సగటు మోతాదు తక్కువే. కాని మూడు నెలల నుంచి ఐదేళ్ల వయసు పిల్లలకు, తమ ప్రాంతపు సగటు కంటె మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువ. మేకపాలు తాగినవారికి మరీ ఎక్కువ. మేకపాలలోకి అయోడిన్ మరింతగా దిగుతుంది. మేకపాలు తాగేదెవరో మనకు వేరే చెప్పనక్కరలేదు. తలసరి ఆదాయం పేరుతో కూలివాడి ఆకలిని కోటీశ్వరుడి సంపదలో కలిపి భాగించే విద్య మనకు కొత్తది కాదు. అదే విద్య ఇక్కడా పనిచేసింది. సగటు అబద్ధం కాదు. అయితే బాధితుడు దానిలో కనిపించకుండా పోతాడు.

సాహిత్య విద్యార్థిగా నన్ను ఇంకా ఎక్కువగా ఆపినవి ఇక్కడి మాటలు. ఎముకలలో స్ట్రాన్షియంను కొలవడానికి అమెరికా ప్రభుత్వం 1953లో ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. అనేక దేశాల నుంచి మరణించిన వారి ఎముకలు, వాటిలో మృతశిశువుల ఎముకలు, చాలాసార్లు తల్లిదండ్రులకు చెప్పకుండానే తెప్పించారు. ఆ పథకానికి పెట్టిన పేరు సూర్యరశ్మి. ఎముకలోని స్ట్రాన్షియంను లెక్కించే ప్రమాణానికీ కొంతకాలం ఆ పేరే. చచ్చిన బిడ్డ ఎముకలోని విషాన్ని సూర్యరశ్మి పేరుతో లెక్కపెట్టడం! రాజాస్థానపు కవులు యుద్ధాన్ని వసంతోత్సవంగా వర్ణించారని పరిహసిస్తాం. ఇరవయ్యవ శతాబ్దపు కార్యాలయాలు వారిని మించిపోయాయి.

రెండవ మాట పరీక్ష. పరీక్ష అంటే ఫలితం తెలిసేదాకా ఎవరికీ నష్టం లేని పని అని స్ఫురిస్తుంది. రోంగెలాప్ పిల్లల మీద పడినది పరీక్షా, దెబ్బా? మూడవ మాట అనుమతింపదగిన మోతాదు. అనుమతించినదెవరు? తాగినవాడు అనుమతించాడా? ఆ మోతాదు ఎంత వుండాలన్నది శాస్త్రజ్ఞుడు చెప్పవచ్చు. ఒక ప్రయోజనం కోసం ఎంత నష్టం భరించవచ్చునన్నది ఆ నష్టం పడేవాడు మాత్రమే చెప్పాలి. ఈ రెండు అధికారాలనూ ఒక్కచేతిలో పెట్టింది ఆ మాట.

5

సెయింట్ లూయిస్ పళ్ల కథను ఈ వెలుగులో చూడాలి.

పాలపళ్లను పోగుచేసి కొలవవచ్చునన్న సూచనను 1958లో హెర్మన్ కాల్కర్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు వ్రాసి ప్రకటించాడు. పన్ను ఏర్పడేటప్పుడు ఒంట్లో వున్న స్ట్రాన్షియం అందులోనే నిలిచిపోతుంది. అది ఊడేది ఆరేడేళ్లకు. కాబట్టి ప్రతి పాలపన్నూ తాను పుట్టిన ఏటి గాలినీ, పాలనూ నమోదు చేసుకున్న ఒక శాసనం. శాసనాలను చదివి రాజుల కాలాన్ని తేల్చే మనకు ఈ పోలిక సులభంగానే అర్థమవుతుంది. తేడా ఏమంటే, ఇది రాజు వ్రాయించినది కాదు. రాజు మీద వ్రాసినది.

ఆ నగరంలోని శాస్త్రజ్ఞులూ పౌరులూ కలిసి అదే ఏడు అణు సమాచారం కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. వృక్షశాస్త్రజ్ఞుడు బారీ కామనర్ వారిలో ముఖ్యుడు. పళ్ల సేకరణను మొదటి సంవత్సరాలలో నడిపినది లూయీజ్ రీస్ అనే వైద్యురాలు. బడులలో, చర్చీలలో, గ్రంథాలయాలలో, పళ్లవైద్యుల గదులలో కార్డులు పంచినది స్త్రీలు. కవరులు విప్పి, విడదీసి, పేర్చినదీ వాళ్లే. 1961లో మొదటి ఫలితాలు వచ్చాయి. పెద్ద పేలుళ్లు మొదలయిన తర్వాత పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం, అంతకు ముందు పుట్టినవారి కంటె స్పష్టంగా ఎక్కువ. పేలుళ్లు పెరిగిన కొద్దీ అది పెరుగుతూ పోయింది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఆ సంఘం, పరీక్షలు ఆపండి అని పళ్ల చేత చెప్పించలేదు. ఇదిగో లెక్క, నిర్ణయం మీది అని ప్రజల ముందు పెట్టింది. సామాన్యుడికి అర్థం కాదన్న సాకుతో నిర్ణయాన్ని నిపుణులు పట్టుకుపోవడం మీద అది తిరుగుబాటు. 1958లోనే లైనస్ పౌలింగ్ తొమ్మిదివేలకు పైగా శాస్త్రజ్ఞుల సంతకాలతో ఐక్యరాజ్యసమితికి విజ్ఞప్తి అందించివున్నాడు. 1961 నవంబరు 1న అమెరికా నగరాలలో వేలాది స్త్రీలు వంటిళ్లు వదలి, పరీక్షలు ఆపాలని వీధుల్లోకి వచ్చారు. పాల సంగతి తల్లుల నోట రాజకీయమయింది.

1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పాక్షిక నిషేధ ఒడంబడిక మీద సంతకం చేశాయి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు నిలిచాయి. అక్టోబరు 10న అది అమలులోకి వచ్చింది. అదే రోజున పౌలింగ్‌కు శాంతి బహుమానం ప్రకటించారు. అయితే భూమి లోపల పేలుళ్లు సాగాయి, ఆయుధాల పోటీ ఆగలేదు. ఫ్రాన్సు 1974 దాకా, చైనా 1980 దాకా ఆరుబయట పేలుస్తూనే వచ్చాయి. ఒడంబడిక పాలను కాపాడింది గాని లోకాన్ని కాపాడలేదు. పాలను కాపాడడం కూడా చిన్న విజయం కాదు. ధూళి వల్ల మనిషికి పడే వార్షిక సగటు 1963లో అన్నిటికంటె ఎక్కువగా వుండి, ఆ పైన తగ్గుతూ వచ్చింది.

6

ఇంతవరకు చెప్పినది మనలో ఎవరికీ కష్టం కలిగించదు. అమెరికా సామ్రాజ్యవాదం మీద మనకు భ్రమలు లేవు. ఇదంతా తరగతి బయట ఒకసారి చెప్తూవుంటే ఒక విద్యార్థి అడిగాడు: "మరి అవతలి బాంబుల ధూళి సంగతి మనవాళ్లు ఏమన్నారండీ?" ఆ ప్రశ్నకు నేను అప్పుడు నీళ్లు నమిలాను. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

సోవియట్ యూనియన్‌లో యూరల్ పర్వతాల దగ్గర మయాక్ కర్మాగారం 1949 నుంచి బాంబుకు కావలసిన ప్లుటోనియం తయారుచేసింది. మొదటి సంవత్సరాలలో దాని వ్యర్థాలను తెచా అనే చిన్న నదిలో వదిలారు. ఆ నది నీరే తాగి, ఆ గట్టునే పశువులను మేపుకునే రైతులకు సంగతి చెప్పలేదు. తర్వాత కొన్ని పల్లెలను లేవదీశారు. ఏ కారణం వల్ల లేవదీస్తున్నారో చెప్పలేదు. 1957 సెప్టెంబరు 29న అక్కడే వ్యర్థాల తొట్టి ఒకటి పేలింది. స్ట్రాన్షియం కలిసిన ధూళి మూడువందల కిలోమీటర్ల పొడవున పొలాల మీద పడింది. కాలక్రమాన పదివేల మందికి పైగా ఇళ్లు విడిచారు. 1976లో జోరెస్ మెద్వదేవ్ ప్రవాసంలో వుండి వ్రాసేదాకా బయటి ప్రపంచానికి వివరం లేదు. సోవియట్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకున్నది 1989లో.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికా గూఢచారి సంస్థకు ఈ ప్రమాదం చాలా ముందే తెలుసునని 1970లలో బయటపడిన పత్రాలు చూపాయి. శత్రువును రచ్చకీడ్చడానికి అంతకంటె మంచి అవకాశం ఏముంటుంది? ఐనా పెదవి విప్పలేదు. ఆ ప్రమాదం జరిగిన పదకొండు రోజులకే, 1957 అక్టోబరు 10న, బ్రిటన్‌లో విండ్‌స్కేల్ ప్లుటోనియం కొలిమి అంటుకుంది. దాదాపు ఐదువందల చదరపు కిలోమీటర్ల మేర పాలను పారబోశారు. పూర్తి విచారణ నివేదికను ప్రధాని మాక్మిలన్ అణచిపెట్టాడు. అది 1988లో గాని వెలుగు చూడలేదు. రెండు శిబిరాల మధ్య ఎన్ని గోడలున్నా, ప్రజలకు చెప్పకూడదన్న విషయంలో మాత్రం ఆ ప్రభుత్వాలు ఎవరూ వ్రాయని ఒడంబడికకు కట్టుబడి వున్నాయి.

ఇక ఆరుబయట పేలుళ్లు. 1958లో సోవియట్ యూనియన్ ముందుగా పరీక్షలు నిలిపింది; ఆ ఏడు చివర మూడు దేశాలూ ఆపాయి. 1961 సెప్టెంబరు 1న సోవియట్ యూనియనే మళ్లీ మొదలుపెట్టింది. ఆ రోజునే బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల సభ ఆరంభమవుతున్నది. సభ తరఫున శాంతి విజ్ఞప్తి తీసుకుని నెహ్రూ, ఎన్‌క్రుమా మాస్కో వెళ్లారు. అక్టోబరు 30న చరిత్రలోకెల్లా పెద్ద బాంబు, 50 మెగాటన్నులది, సోవియట్ ఆర్కిటిక్‌లో పేలింది. 1962లో రెండు పక్షాలూ పోటీలు పడి పేల్చాయి. 1963లో లోకమంతటా పాలలో స్ట్రాన్షియం శిఖరానికి చేరడానికి ఈ రెండు సంవత్సరాలే కారణం. అందులో ఏ పరమాణువు సామ్రాజ్యవాదానిదో, ఏది సమాజవాదానిదో పసిబిడ్డ ఎముక వేరుచేయలేదు.

జపాను ఉద్యమం సరిగా ఈ ప్రశ్న మీదే చీలింది. ఏ దేశపు పరీక్షలనైనా వ్యతిరేకించాలని ఒక పక్షం. శాంతిశక్తుల బాంబునూ యుద్ధశక్తుల బాంబునూ ఒకే గాట కట్టరాదని మరొక పక్షం. 1963 సభలో తగాదా ముదిరి, 1965 నాటికి రెండు సంస్థలయ్యాయి. చేపలమ్మేవారూ గృహిణులూ కట్టిన ఐక్యతను సిద్ధాంతం పేరుతో విడగొట్టినది సామ్రాజ్యవాదులు కాదు.

రెండవ పక్షం వాదంలో అసలు బలం లేదని నేననను. బాంబును మొదట తయారుచేసి, మొదట మనుషుల మీద వేసి, పోటీని లోకం నెత్తిన రుద్దినది అమెరికా. ఆయుధం లేకపోతే విప్లవం బతకదన్న భయం కల్పితం కాదు. కాని ఆయుధం వుండాలా అన్నది ఒక ప్రశ్న. తెచా గట్టు రైతుకు తాను తాగేది ఏమిటో చెప్పాలా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి ఇచ్చిన జవాబును రెండవదానికి వాడుకోవడమే మన తప్పు. శ్రామికుల రాజ్యమని పేరు పెట్టుకున్నది శ్రామికుడి నీటి సంగతి శ్రామికుడికే దాచినప్పుడు, దాన్ని అడగవలసినవారిలో మొదటివారు మనం. ఆ పని శత్రువుకు వదిలేశాం. శత్రువు కూడా తన లాభం కోసం ఆ పని చేయలేదన్నది వేరే సంగతి.

మౌనానికి ఫలం 1986లో అందింది. ఏప్రిల్ 26న చెర్నోబిల్ కొలిమి పేలింది. ప్రభుత్వం నోరు విప్పినది 28 రాత్రి, అదీ స్వీడన్‌లో యంత్రాలు ధూళిని పట్టుకున్న తర్వాత. మే 1న కీవ్ వీధులలో పిల్లలతో సహా మేడే ఊరేగింపు యథావిధిగా నడిచింది. పల్లెలలో పిల్లలు తమ ఆవుల పాలు తాగుతూనే వున్నారు. పక్కనే పోలండు మూడు రోజులలో తేరుకుని కోటిమంది పిల్లలకు అయోడిన్ మందు తాగించింది. బెలారస్, ఉక్రెయిన్, రష్యాలోని కలుషిత ప్రాంతాలలో నాటి పిల్లలలో 2015 దాకా 19,000 పైచిలుకు థైరాయిడ్ కాన్సర్లు నమోదయ్యాయి. వాటిలో సుమారు నాలుగవ వంతుకు రేడియోధార్మికతే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రసంఘం అంచనా. ఎనిమిది రోజులలో సగమైపోయే అయోడిన్ అది. కొన్ని వారాలు పాలు మానండి అన్న ఒక్క మాట, వేళకు చెప్పివుంటే, వీరిలో చాలామందిని కాపాడేది.

7

ఇదంతా పరాయి దేశాల కథ అని తోసివేయడానికి లేదు.

చెర్నోబిల్ ధూళి పడిన బ్రిటన్ కొండలలో గొర్రెల అమ్మకం మీద 1986లో మూడు వారాలకని ఆంక్ష పెట్టారు. చివరి ఆంక్షలు తొలగినది 2012లో. ఆ కాలంలోనే ఐరోపా ఆర్థిక సమాజం సహాయంగా పంపిన ఐర్లండు వెన్న మన బొంబాయికి వచ్చింది. దానిలో చెర్నోబిల్ అంశ వుందని ఒక వైద్యుడూ మరికొందరూ న్యాయస్థానానికి వెళ్లారు. 1988లో సుప్రీంకోర్టు నిపుణుల సంఘం వేసింది, ఆ సంఘం వెన్న తినడానికి పనికివస్తుందని చెప్పింది, కోర్టు అంగీకరించింది. ఆ వెన్న విషమని నేను అనడం లేదు. ఎంత వుంది, ఎవరు కొలిచారు, ఏ లెక్కన సరే అన్నారు అన్న విషయాలు ఎవరో కోర్టుకు ఎక్కితే గాని పౌరుడికి తెలియకపోవడం గురించి అంటున్నాను.

కడప జిల్లా తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం గని, శుద్ధి కర్మాగారం నడుపుతున్నది. ఖనిజం తీయగా మిగిలిన బురదను దగ్గరలోనే చెరువులా కట్టి నిల్వచేస్తారు. ఆ చుట్టుపక్కల పల్లెల రైతులు బోరునీళ్లు చెడిపోయాయనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసు ఇచ్చింది. సంస్థ ఆరోపణలను కాదన్నది. నల్లమలలో యురేనియం వెతుకులాట మీద ప్రజలలో పుట్టిన ఆందోళన ఫలితంగా 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ఇవి బాంబు ధూళి వంటివి కావు. నీటిలో యురేనియం కొన్నిచోట్ల రాళ్ల నుంచి సహజంగానే వస్తుంది. దాని హాని రేడియోధార్మికత కంటె మూత్రపిండాల మీది రసాయన ప్రభావం వల్లనే ఎక్కువ. లీటరుకు 30 మైక్రోగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. భేదాలు చెప్పకుండా అన్నిటినీ ఒకే భూతంగా చూపితే మనం ప్రజలకు విజ్ఞానం ఇచ్చినవాళ్లం కాము, భయం అమ్ముకున్నవాళ్లమవుతాం. భూమిలో, అరటిపండులో, మన ఎముకలలో కూడా సహజ రేడియోధార్మికత కొంత వుంది. ఆ మాట చెప్పి పక్కవాడు చేర్చినదాన్ని కప్పిపుచ్చడం ఎంత తప్పో, ఆ మాట దాచడమూ అంతే తప్పు.

కాబట్టి ప్రశ్నలు పాతవే. ఎవరికి తెలుసు? బోరునీటి లెక్కలు ఎవరి దగ్గర వున్నాయి? ఎవరికి చెప్పారు? ఆ లెక్క పంచాయతీ గోడ మీద తెలుగులో వ్రాసి వుందా? ఎవరు తాగారు? సగటులో కాదు, ఏ ఇంట్లో, ఏ బిడ్డ?

సెయింట్ లూయిస్ తల్లులు ప్రభుత్వం చెప్పేదాకా ఆగలేదు; కొలవడం తామే నేర్చుకున్నారు. ఇది మన కళాశాలలకు అందని పని కాదు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి నీటి నమూనా తీయగలడు. తెలుగు చదివే విద్యార్థి ముసలివాళ్ల జ్ఞాపకాలు, తోటల లెక్కలు వ్రాసిపెట్టగలడు. ఉపాధ్యాయుడు ఆ కాగితాలను పదేళ్లపాటు భద్రంగా దాచగలడు. ఫలితం మనకు నచ్చినట్లు వచ్చినా రాకపోయినా, గని ఎవరిదైనా, జెండా ఏ రంగుదైనా, ఆ లెక్కను తాగినవారి చేతిలోనే ముందు పెట్టాలి. నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థికి ఆలస్యంగా నేను ఇచ్చే జవాబు ఇది.